ఏటిగట్టు వెడల్పు చేయాలంటే భూమి మొత్తం కొనాలా, వాడుక హక్కు రాసిస్తే సరిపోతుందా?

గట్టుకింద రైతు:
మాది కోనసీమలో గోదావరి పాయ వశిష్ఠ పక్కన ఊరు. ఏటిగట్టు ఎత్తూ వెడల్పూ పెంచుతారట, సర్వే వాళ్లు వచ్చి కొబ్బరి చెట్లకి ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్లారు. గ్రామసభలో రెండు మాటలు వినపడ్డాయి. గట్టు కిందకి వచ్చే నేలని ప్రభుత్వం సేకరించి డబ్బు కడుతుంది అని ఒకటి. భూమి మీ పేరు మీదే ఉంచుకోండి, గట్టు వేసుకోవడానికి, తర్వాత చూసుకోవడానికి హక్కు మాత్రం రాసివ్వండి, పని తొందరగా అవుతుంది అని రెండోది. పాస్‌బుక్కులో విస్తీర్ణం తగ్గదు కదా అని సగం మంది రెండోదానికే తల ఊపారు.

నాకు అది మింగుడు పడటం లేదు. మా చేను గట్టు వెంబడి 100 మీటర్లు ఉంది. గట్టు 5 మీటర్లు ఇవతలికి జరిగితే 12 సెంట్ల పైనే పోతుంది, అంటే ఎనిమిది చెట్ల దాకా. మట్టి కింద పడిపోయిన నేల కాగితం మీద నాదే అయితే నాకు ఒరిగేదేంటి? అందులో నాటలేను, అమ్మబోతే కొనేవాడుండడు. గట్టు మాత్రం కావాలి, అందులో రెండో మాట లేదు. 2006లో శానపల్లిలంక దగ్గర గండి పడినప్పుడు ఏమైందో ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. భూమి ఏ పద్ధతిలో ఇవ్వాలి అన్నదే నా ప్రశ్న, తెలిసినవాళ్లు చెప్పండి.

పాత ఏఈ:
తమ్ముడూ, నేను నీటిపారుదల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ముందు గట్టుకి అంత జాగా ఎందుకో చెప్తాను. వాలు ఒకటికి రెండు, అంటే మీటరు ఎత్తుకి రెండు మీటర్లు పక్కకి అనుకుంటే, గట్టు ఒక్క మీటరు ఎత్తు పెంచినా రెండు వైపులా కలిపి అడుగున నాలుగు మీటర్లు వెడల్పు పెరుగుతుంది. పైన జీపు, ఇసుక బస్తాల ట్రాక్టరు తిరిగేంత దారి ఉండాలి. పొలం వైపు గట్టు మొదట్లో కొంత మేర ఖాళీగా ఉంచాలి, ఎందుకంటే వరదలో గట్టు పైనుంచి పొర్లి తెగడం ఒక్కటే కాదు, అడుగు నుంచి ఊట వచ్చి, ఆ ఊటతో ఇసుక కొట్టుకొచ్చి కూడా తెగుతుంది. ఊట తేటగా వస్తే కాపలా కాయొచ్చు, బురదగా మారిందంటే లోపల మట్టి కరుగుతున్నట్టే, వెంటనే చుట్టూ బస్తాలు పేర్చాలి. అర్ధరాత్రి టార్చి పట్టుకుని లస్కర్లు, అంటే గట్టు కాపలా వాళ్లు, ఆ ఊట ఎక్కడుందో వెతకాలంటే అక్కడ అరటితోట, పశువుల పాక, గడ్డివాము ఉండకూడదు. కొబ్బరి చెట్టు చచ్చి వేళ్లు కుళ్లితే ఆ సందులే నీటికి దారి.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటితేనే మనకి రాత్రిళ్లు నిద్ర లేదు. అదే వరదకి భద్రాచలంలో 71.3 అడుగుల నీళ్లు వస్తే పట్టణం నిలబడింది కరకట్ట వల్లే. కాబట్టి నా మాట ఒక్కటే, గట్టు కింద నేల, పక్కన ఖాళీ జాగా మొత్తం ప్రభుత్వం కొనెయ్యాలి. రైతు పేరు మీద ఉంచితే పదేళ్లకి మళ్లీ చెట్లు వేస్తారు, కొడుకులు పంచుకుంటారు, మూడో మనిషి కొని గట్టు పక్కనే రొయ్యల చెరువు తవ్వుతాడు.

వరద చూసినవాడు:
ఏఈ గారూ, కొనడం మంచిదే, ఎప్పటికి అవుతుంది అది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం వెళ్తే సామాజిక ప్రభావం అంచనా, నోటిఫికేషన్, అభ్యంతరాలకి 60 రోజులు, డిక్లరేషన్, పరిహారం ఖరారు చేసే అవార్డు, ఆపైన రేటు చాలలేదని కోర్టు. ఈ లోపు ఎన్ని వరదలు వస్తాయో ఎవరు చూశారు? ఒక్క సర్వే నెంబర్ దగ్గర పని ఆగితే అక్కడ గట్టు పల్లంగా మిగిలిపోతుంది, నీళ్లు అక్కడి నుంచే వస్తాయి, అటు ఇటు కిలోమీటర్ల కొద్దీ కట్టినదంతా వృథా. హక్కు రాసిచ్చి ముందు పని కానివ్వాలి, డబ్బు సంగతి తర్వాత కూర్చుని తేల్చుకోవచ్చు. గట్టు కింద ఊళ్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్నారండి.

తాలూకా కోర్టు వకీలు:
"డబ్బు సంగతి తర్వాత" అనే మాటతోనే జనం మునిగేది. రాసిచ్చాక మీ చేతిలో ఏముంటుంది?

మన ప్రాంతంలో గ్యాస్ పైపులైన్లకి భూమి ఎలా తీసుకున్నారో గుర్తు చేసుకోండి. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద వాడుక హక్కు మాత్రమే తీసుకుంటారు, భూమి రైతుదే. దానికి ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం, పంటకీ చెట్లకీ జరిగిన నష్టం వేరే. ఆ జాగాలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అయినా పైపు పూడ్చాక పైన వరి వేసుకోవచ్చు. గట్టు కింద ఏం వేస్తారు? కరెంటు లైన్లు చూసినా అంతే. 2015లో కేంద్రం టవరు కింద జాగాకి భూమి విలువలో 85 శాతం, తీగల కింద జాగాకి 15 శాతం దాకా ఇమ్మంది. రైతులు గొడవ చేయగా చేయగా 2024లో వాటిని 200, 30 శాతానికి పెంచింది. టవరు కాలు పడ్డ నేల రైతుకి పోయినట్టే అని ఒప్పుకున్న లెక్క అది. గట్టు కింద పడ్డ నేల అంతకంటే పోయినట్టు.

2013 చట్టం కింద సేకరణలో అయితే మార్కెట్ విలువ, పల్లెల్లో దాని మీద రాష్ట్రం పెట్టిన గుణకం, ఆ మొత్తానికి సమానంగా సొలేషియం అనే అదనపు పరిహారం, చెట్లకి విడిగా లెక్క. పూర్తి డబ్బు కట్టాకే స్వాధీనం. ప్రకృతి విపత్తు కారణంగా అత్యవసరమైతే 40వ సెక్షన్ కింద తొందరగా తీసుకోవచ్చు, అప్పుడు కూడా 80 శాతం ముందే చెల్లించాలి. పోతే గట్టుకి మట్టి తవ్వే పొలాలు వేరే సంగతి, వాటిని కొనక్కర్లేదు. 81వ సెక్షన్ కింద మూడేళ్లకి మించకుండా తాత్కాలికంగా తీసుకోవచ్చు, పరిహారం ఇవ్వాలి, తిరిగి అప్పగించాలి. గుంటలు గుంటలుగా వదిలేసి పోకుండా ఎంత లోతు తవ్వుతారో ముందే రాయించుకోండి.

లంక మనిషి:
మీరంతా గట్టుకి అటువైపు వాళ్లు. మేం ఏటికీ గట్టుకీ మధ్యలో ఉన్నాం. గట్టు ఎత్తు పెరిగిన కొద్దీ మీ వైపు పొర్లే నీళ్లు కూడా మా మీదే నిలబడతాయి. మా కూరగాయల తోటలు, పశువులు, పడవ మీద బడికెళ్లే పిల్లలు ఏ రిపోర్టులో ఉన్నారు? మా నేల అంగుళం కూడా సేకరించరు కాబట్టి మాకు నోటీసు కూడా రాదు. గట్టు ఆపమని అనడం లేదు. మీ 12 సెంట్లకి రేటు మాట్లాడేటప్పుడు మా ముంపు గురించి కూడా ఒక్క ముక్క మాట్లాడండి బాబాయ్ గారూ.

తాలూకా కోర్టు వకీలు:
లంక మనిషి గారు చెప్పింది నిజం. భూమి కొంత పోయినవాడికి, ఆ సేకరణ వల్ల మిగతా ఆస్తికి నష్టం జరిగితే 28వ సెక్షన్‌లో లెక్క ఉంది. ఏమీ పోకుండా మునిగేవాడికి ఆ దారి లేదు. అందుకే ప్రభావం అంచనా సభలోనే లంకల వాళ్లు వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వాలి.

కౌలు చేసేవాణ్ణి:
మా సంగతి కూడా చూడండి. ఆ చెట్ల కింద అంతరపంట వేసేది నేను. డబ్బు మాత్రం హైదరాబాదులో ఉన్న భూమి ఆసామికి పడుతుంది. మూడేళ్లు ముందు నుంచి ఆ భూమే జీవనాధారమైతే కౌలుదారు కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే అని 2013 చట్టంలోనే ఉందట కదా? మరి మాకు కాగితం రాసిచ్చే ఆసామి ఎంతమంది ఉన్నారు?

గట్టుకింద రైతు:
అందరికీ నమస్కారం. నాకు ఒక దారి కనపడింది. ఏఈ గారి మాటలో సగం తీసుకుంటాను. గట్టు కూర్చునే నేల వరకు ప్రభుత్వం పూర్తిగా కొనాలి, అడంగల్‌లో పేరు మారాలి, సబ్ డివిజన్ చేసి హద్దు రాళ్లు పాతాలి. దాని పక్క ఖాళీ జాగా మాత్రం కొనక్కర్లేదు, అక్కడ వాడుక హక్కు చాలు. చెట్టూ చెరువూ పాకా వద్దంటే సరే, పశుగ్రాసం కోసుకోనివ్వండి. కానీ ఆ షరతులు రిజిస్టర్ అయ్యి, భూమి మీద ఏ లావాదేవీలున్నాయో చూపే ఈసీలో కనపడాలి, రేపు నా కొడుకు దగ్గర కొనేవాడికి కూడా అవి అంటాలి. రేటు పైపులైను లెక్కలో 10 శాతం అంటే కుదరదు. డబ్బు పొక్లెయినర్ దిగే ముందే పడాలి.

వరద చూసినవాడు గారూ, మీ తొందర నాకు తెలుసు, మా ఇల్లు కూడా గట్టు కిందే. అయితే ఊరి కోసం ఇచ్చినవాడు నష్టపోతే రేపు ఇంకో ఊళ్లో ఎవరూ ఇవ్వరు, అక్కడే గండి పడుతుంది.

ఆర్డీవో గారికి ఇచ్చే అభ్యంతరాల కాగితం నేను రాస్తున్నాను. లంకల ముంపు, కౌలుదారుల పేర్లు రెండూ అందులో పెడుతున్నాను. లంక మనిషి గారూ, మీ వైపు నుంచి సంతకాలు ఎవరు చేయిస్తారో చెప్పండి. వకీలు గారూ, రాశాక ఇక్కడే పెడతాను, సెక్షన్లు సరిచూసి పెట్టండి.