సెషన్లు డేటాబేస్‌లోకి మార్చాక కార్ట్‌లో సరుకు మాయమవుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా పచ్చళ్ల దుకాణం సైట్ పీహెచ్‌పీలో నేనే రాశాను. మొన్నటిదాకా సెషన్లు (ఒక్కో కస్టమర్ కార్ట్ లాంటి వివరాలు సైట్ గుర్తుంచుకునే చోటు) ఫైళ్లలో ఉండేవి. రెండో వెబ్ సర్వర్ పెట్టాక మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లోకి మార్చి, వాటిని చదివే, రాసే కోడ్ (హ్యాండ్లర్) సొంతంగా రాసుకున్నాను. అప్పటి నుంచి ఆవకాయ, గోంగూర వెంటవెంటనే నొక్కితే కార్ట్‌లో ఒక్కటే మిగులుతోంది. నిన్న ఒకావిడ ఫోన్ చేసి, "డబ్బు కట్టేముందు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది" అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. సెషన్ చదివేటప్పుడు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ (చదివిన వరుసని వేరే రిక్వెస్ట్ మార్చకుండా లాక్ వేసే క్వెరీ) పెడితే చాలా?

జవాబు 1:
ఫైళ్లయితే పీహెచ్‌పీయే లాక్ వేస్తుంది, రెండో రిక్వెస్ట్ ఆగుతుంది. సొంత హ్యాండ్లర్‌లో అది మనమే వేసుకోవాలి. మీ రెండు రిక్వెస్టులూ ఖాళీ కార్ట్‌నే చదివాయి, చివర రాసింది నిలిచింది.

జవాబు 2:
ఫర్ అప్‌డేట్ పనిచేస్తుంది కానీ, దాంతో నేను రెండుసార్లు దెబ్బతిన్నానండీ. కొత్త కస్టమర్‌కి టేబుల్‌లో ఇంకా రో (వరుస) ఉండదు కదా, అప్పుడు ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ లోపల టేబుళ్లు నడిపే ఇంజిన్) మామూలు సెట్టింగ్‌లో రెండు రిక్వెస్టులకూ గ్యాప్ లాక్ (రో లేని ఖాళీ చోటు మీద వేసే లాక్) ఇచ్చేస్తుంది. రెండూ ఇన్సర్ట్‌కి వెళ్లి ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి, 1213 డెడ్‌లాక్ ఎర్రర్ వస్తుంది. ఇంకోసారి, ఆర్డర్ సేవ్ చేసే కోడ్ అదే కనెక్షన్‌లో కమిట్ (మార్పులు ఖాయం చేసే ఆదేశం) కొట్టింది, సెషన్ లాక్ కూడా దాంతోపాటే పోయింది. అది పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

మీకు డేటాబేస్ ఒక్కటే కాబట్టి గెట్ లాక్ (ఒక పేరు మీద లాక్ తీసుకునే మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్) వాడండి. పేరుగా సెషన్ ఐడీ, గడువుగా 10 సెకన్లు ఇవ్వండి. పేరు 64 అక్షరాలు దాటకూడదు. ఈ లాక్ కమిట్‌తో పోదు, కనెక్షన్ తెగితే దానంతటదే ఊడుతుంది. 1 వస్తేనే ముందుకెళ్లండి. 0 వస్తే గడువు అయిపోయినట్టు. అప్పుడు ఖాళీ సెషన్‌తో పేజీ నడిపించారో, చివర్లో ఆ ఖాళీయే వెళ్లి అసలు కార్ట్ మీద పడుతుంది. దయచేసి అక్కడ ఎర్రర్ చూపించి ఆపేయండి. హ్యాండ్లర్ క్లోజ్ ఫంక్షన్‌లో రిలీజ్ లాక్‌తో ఆ లాక్ వదలడం మర్చిపోకండి.

జవాబు 3:
పేమెంట్ గేట్‌వేని పిలిచే ముందు సెషన్ రైట్ క్లోజ్ (సెషన్ రాసేసి లాక్ వదిలేసే పీహెచ్‌పీ ఫంక్షన్) కొట్టండి. లేకపోతే అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆ కస్టమర్ తెరిచిన ప్రతి పేజీ తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
గెట్ లాక్ పెట్టాను. ఆవకాయ రిక్వెస్ట్‌లో కావాలనే స్లీప్ 5 (ఐదు సెకన్లు ఆగమని) పెట్టి, వెంటనే గోంగూర నొక్కాను. గోంగూర ఐదు సెకన్లు ఆగింది, తర్వాత కార్ట్‌లో రెండూ ఉన్నాయి! నిన్న ఫోన్ చేసినావిడకి ఇప్పుడే చెప్తాను. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ పేజీ కూడా సెషన్‌ని పట్టుకునే ఉంటోంది, రాత్రికి అక్కడా రైట్ క్లోజ్ పెడతాను.