మా అత్తగారి శుక్లం ఆపరేషన్‌కు ఏ లెన్స్ వేయించాలి?

విల్లివాక్కం కోడలు:

మా అత్తగారికి అరవై ఆరేళ్లు. చెన్నైలో, విల్లివాక్కంలో మాతోనే ఉంటారు. కుడికంట శుక్లం బాగా ముదిరిందనీ, ఎడమకంట ఇప్పుడిప్పుడే మొదలైందనీ, ముందుగా కుడికంటికి ఆపరేషన్ చేయించుకోవడం మంచిదనీ డాక్టరుగారు చెప్పారు. పరీక్షలన్నీ అయ్యాక కౌన్సెలర్ మా ముందు ఒక అట్ట పెట్టారు. శుక్లం తీసేశాక కంట్లో అమర్చే లెన్సులవి, అందులో మూడు వరుసలున్నాయి: స్వదేశీ మోనోఫోకల్, విదేశీ మోనోఫోకల్, విదేశీ ట్రైఫోకల్. కిందికి దిగేకొద్దీ ధర పెరుగుతూ పోయింది. ట్రైఫోకల్ వేయించుకుంటే ఇక కళ్లద్దాలతో పనే ఉండదన్నారే తప్ప, ఆవిడ రోజంతా ఏం పని చేస్తారని ఎవరూ అడగలేదు.

ఆవిడ పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తారు. చిన్నప్పటి నుంచీ మైనస్ అద్దాలే. ప్రస్తుతం రెండు కళ్లకూ మైనస్ నాలుగు దరిదాపుల్లో ఉంది. వీధిలోకి వెళ్లేటప్పుడు అద్దాలు పెట్టుకుంటారు, మగ్గం ముందు కూర్చోగానే తీసి పక్కన పెడతారు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. ఎక్కువ ధర పెట్టినదే మంచిదనుకోవాలో, ఇంకేదైనా చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

అన్నానగర్ ఆప్టోమెట్రిస్ట్:

ఆ అట్ట మీద లేని విషయం ఒకటుందండీ. లెన్స్ రకం ఒక నిర్ణయమైతే, ఆ లెన్స్‌తో కన్ను ఏ దూరంలో స్పష్టంగా చూడాలన్నది మరో నిర్ణయం. మోనోఫోకల్ ఒకే దూరానికి పనిచేస్తుంది. ఆ దూరం ఏదో మాత్రం ముందుగా ఎంచుకోవచ్చు. ఎవరూ ఏమీ చెప్పకపోతే సాధారణంగా దూరపు చూపుకే, అంటే ఆపరేషన్ తర్వాత పవర్ సున్నాకు దగ్గరగా వచ్చేట్టు లెక్కవేస్తారు. చాలామందికి అదే సరిపోతుంది. కానీ జీవితమంతా అద్దాలు తీసేసి దగ్గరి పని చేసుకున్నవారికి అలా వేస్తే, బస్సు నంబరు అద్దాల్లేకుండా కనిపిస్తుంది గానీ చేతిలోని సూదిమొన మసకబారుతుంది. ఆపరేషన్ చక్కగా జరిగినా "ఉన్న చూపు పోయింది" అని బాధపడుతూ వచ్చే ఇలాంటివారిని నేను తరచూ చూస్తుంటాను.

లెక్క సులువే. మైనస్ నాలుగు ఉన్న కంటికి అద్దాలు లేకుండా 25 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. మైనస్ మూడు అయితే 33, మైనస్ రెండున్నర అయితే 40. ఆవిడను మగ్గం ముందు మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోమని, కంటి నుంచి సూదిమొన దాకా టేపుతో కొలిచి, ఆ అంకెను డాక్టరుగారికి ఇవ్వండి. అయిదారేళ్ల కిందటి అద్దాల చీటీ దొరికితే అదీ తీసుకెళ్లండి. కొన్ని రకాల శుక్లాలు ముదిరేకొద్దీ మైనస్‌ను పెంచుతాయి కనుక, ఇప్పటి నాలుగులో కొంత భాగం శుక్లం తెచ్చిపెట్టినదే అయి ఉండవచ్చు. ఆవిడ కన్ను ఏళ్ల తరబడి ఏ నంబరుకు అలవాటుపడిందో పాత చీటీయే చెబుతుంది. అయితే ఒక్కమాట: ఇలా దగ్గరి చూపుకు లెన్స్ వేయించుకుంటే దూరానికి అద్దాలు ఎప్పటికీ తప్పవు. ఇప్పుడూ పెట్టుకుంటూనే ఉన్నారు కనుక ఆవిడకు అది కొత్త ఇబ్బంది కాకపోవచ్చు.

ఇక ట్రైఫోకల్ సంగతి. అది కంట్లోకి వచ్చే వెలుతురును దూరానికీ, సుమారు 60 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య దూరానికీ, సుమారు 40 సెంటీమీటర్ల దగ్గరి చూపుకీ పంచుతుంది. అలా పంచాక ఒక్కో దూరానికి దక్కేది తక్కువే కాబట్టి, దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా పట్టే శక్తి కొంత తగ్గుతుంది. గంధం రంగు పట్టు మీద బంగారు జరీ కుట్టేవారికి అది చిన్న విషయం కాదు. పైగా షుగర్ ఉంది. రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో ఇప్పటికే వాపు ఉన్నా, మున్ముందు వచ్చినా, ట్రైఫోకల్ ఉన్న కంటికి ఆ నష్టం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అందుచేత లెన్స్ మాట తేల్చకముందే మాక్యులాకు ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను వెలుతురుతో ఫొటో తీసే పరీక్ష) అయ్యిందో లేదో కనుక్కోండి. అక్కడ లోపం కనిపిస్తే నేనైతే ట్రైఫోకల్ ఊసే ఎత్తను.

చీటీలో సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనందువల్ల వచ్చే పవర్) ఉందని, దాన్ని సరిచేసే టోరిక్ లెన్స్ కూడా చెప్పవచ్చు. ఆ సిలిండర్‌లో కొంత సహజమైన లెన్స్‌దే కావచ్చు, అది ఆపరేషన్‌తో ఎలాగూ పోతుంది. కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియాలో ఉన్నది సుమారు ఒక డయాప్టర్ (అంటే ఒక పాయింటు పవర్) దాటితేనే టోరిక్ గురించి ఆలోచించాలి. టోరిక్ లెన్స్ కంట్లో పది డిగ్రీలు పక్కకు తిరిగినా దాదాపు మూడోవంతు ఫలితం పోతుంది.

క్రోంపేట రిటైర్డ్:

నాకు రెండు కళ్లకూ ట్రైఫోకల్ వేశారు. పత్రిక, ఫోను, టీవీ అన్నీ అద్దాల్లేకుండానే చూస్తున్నాను, ఆ సుఖాన్ని తక్కువచేసి చెప్పలేను. కాకపోతే రాత్రిపూట జీఎస్టీ రోడ్డు మీద ఎదురొచ్చే లారీల దీపాల చుట్టూ వలయాలు కనిపించేవి. కొన్ని నెలలకు చాలావరకు అలవాటయ్యాయి గానీ పూర్తిగా పోలేదు. మసక వెలుతురులో మందు సీసా మీది అక్షరాలకు ఇప్పటికీ టార్చి కావాలి. నాకు షుగర్ లేదు, చేతిలో సన్నపనీ లేదు. మీ అత్తగారి పరిస్థితి అలా కాదు కనుక నా సంతోషాన్ని చూసి మీరు నిర్ణయించుకోకండి.

మా తమ్ముడు ఈడాఫ్ రకం, అంటే స్పష్టంగా కనిపించే దూరాన్ని ఒకే బిందువు దగ్గర కాకుండా కాస్త సాగదీసే లెన్స్, వేయించుకున్నాడు. దూరమూ కంప్యూటరూ బాగానే కనిపిస్తాయి, వలయాల బాధ నాకంటే తక్కువ, అయితే పంచాంగం చూడాలంటే మాత్రం చత్వారపు అద్దాలు వెతుక్కుంటాడు.

పాలసీ కాగితాలు:

స్వదేశీ, విదేశీ అన్న గీత గురించి రెండు మాటలు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వారి ఆరోల్యాబ్ 1992 నుంచి కంటి లెన్సులు తయారుచేస్తోంది. దిగుమతి లెన్సులు సామాన్యులకు అందని రోజుల్లో ధరను నేలకు దించింది వారే. కాబట్టి స్వదేశీ అనగానే నాసిరకమనుకోవడం తగదు. ఏ దేశానిదని అడిగే బదులు ఏ పదార్థంతో చేసినదని అడగండి. అంచు పదునుగా ఉండే హైడ్రోఫోబిక్ అక్రిలిక్ లెన్స్ అయితే, తర్వాతి కాలంలో లెన్స్ వెనుక పొర మసకబారే అవకాశం తక్కువ. మసకబారినా భయపడనక్కరలేదు, యాగ్ లేజర్‌తో, కోత లేకుండా, కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. దాన్ని "శుక్లం మళ్లీ వచ్చింది" అనుకుని బెంగపడేవారు మా బంధువుల్లోనే ఉన్నారు.

బీమా ఉంటే ముందే పాలసీ చదవండి. చాలా పాలసీల్లో శుక్లానికి వేచి ఉండాల్సిన గడువు, ఒక్కో కంటికి ఇంతే ఇస్తామనే పరిమితి ఉంటాయి, ఖరీదైన లెన్సుల అదనపు ధర చాలాసార్లు మన మీదే పడుతుంది. లెన్స్ పెట్టె మీది స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితాలకు అంటించి ఇమ్మనండి. పవరూ సీరియల్ నంబరూ అందులోనే ఉంటాయి. మరో డాక్టరుగారి అభిప్రాయం కావాలనుకుంటే ఎగ్మూరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. 1819లో మొదలైన ఆసుపత్రి అది, వరుసలో నిలబడే ఓపిక ఉంటే చాలు.

విల్లివాక్కం కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. టేపుతో కొలిస్తే 32 సెంటీమీటర్లు వచ్చింది. పాత చీటీలో మైనస్ మూడే ఉంది. ఆవిడ అభిప్రాయం అడిగితే, "బస్సు నంబరు పక్కవారిని అడుగుతాను, సూదిలో దారం ఎవరిని ఎక్కించమంటాను?" అన్నారు. ఒక సందేహం మిగిలింది. కుడికంటిని మైనస్ మూడుకు పెట్టిస్తే, ఆపరేషన్ చేయని ఎడమకన్ను మైనస్ నాలుగుతో ఉంటుంది కదా, ఈ తేడా ఇబ్బంది పెట్టదా?

అన్నానగర్ ఆప్టోమెట్రిస్ట్:

ఒక్క పాయింటు తేడాను అద్దాలతో మామూలుగా సర్దేయవచ్చు. కుడికంటిని సున్నాకు తెచ్చి ఉంటేనే చిక్కు. నాలుగు పాయింట్ల తేడా ఉంటే ఒక అద్దంలో బొమ్మ పెద్దదిగా, మరోదాంట్లో చిన్నదిగా కనిపించి రెండూ కలవవు, అప్పుడు రెండో ఆపరేషన్‌కు తొందరపడాల్సి వస్తుంది. మీకు ఆ తొందర లేదు. కుడికన్ను కుదురుకున్నాక, ఎంత పవర్ మిగిలిందో చూసి ఎడమకంటి లెక్కను కాస్త సవరించుకోవచ్చు కూడా. ఎంత బాగా కొలిచినా అర పాయింటు అటూఇటూ కావడం మామూలే కనుక, కొత్త అద్దాలు నెల దాటాకే చేయించండి. లెన్స్ రకంతో పాటు టార్గెట్ పవర్ మైనస్ మూడు అని కేసు షీటులో రాయించి, ఆపరేషన్ రోజు ఉదయం డాక్టరుగారికి మరోసారి గుర్తుచేయండి.