మన్రో ఇంటిపేరు ఎక్కడిది: ఐర్లండ్ నదిదా, స్కాట్లండ్ నేలదా?

గుత్తికోట నీడ:
గుత్తిలో పెరిగినవాడిని కాబట్టి మన్రో పేరు నాకు పుస్తకాలకన్నా ముందే తెలుసు. దత్త మండలాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరైన స్కాట్లండ్ వాడు తామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. మొదట ఖననం చేసింది మా ఊళ్లోనే. ఆ ఇంటిపేరుకు అర్థం ఏమిటన్న ఆలోచన మాత్రం నాకు ఈమధ్యే వచ్చింది.

వెతికితే అది ఒక నది పేరని తేలింది. ఆ నది స్కాట్లండ్‌లో లేదు! ఉత్తర ఐర్లండ్‌లో లిమవాడి పట్టణం పక్కగా పారి ఫోయిల్ అఖాతంలో కలిసే 'రో' నది అది. ఐర్లండ్, స్కాట్లండ్‌ల పాత భాష గేలిక్‌లో 'బున్' అంటే నది కలిసే చోటు. ముందు అనునాసికం వస్తే అందులోని 'బ' కాస్తా 'మ'గా పలుకుతుంది. అలా 'మున్ రో' అయిందంటారు. పదకొండో శతాబ్దిలో డోనల్డ్ అనే యోధుడు అక్కడి నుంచి వచ్చి, స్కాట్లండ్ రాజు రెండో మాల్కమ్ తరఫున పోరాడి, క్రోమార్టీ అఖాతం ఒడ్డున భూములు పొందాడని వంశ కథ.

నేను ఈ కథను నమ్ముతాను. మన ఇంటిపేర్ల తీరు చూడండి. కొండవీడులో ఉన్నంతకాలం ఒకరిని ప్రత్యేకంగా 'కొండవీటివారు' అనరు, అక్కడ అందరూ కొండవీటివారే. ఊరు విడిచి వచ్చాకే ఆ పేరు అంటుకుంటుంది. 'రో మనిషి' అని పిలిచారంటే అతడు రో నుంచి వచ్చినవాడే.

పాత దస్తావేజు:
కోటనీడ గారూ, పోలిక బాగుంది. కానీ స్కాట్లండ్‌లో అన్నిచోట్లా అది నిలవదు. ముర్రే అన్న ఇంటిపేరు తీసుకోండి. పన్నెండో శతాబ్దిలో ఫ్రెస్కిన్ అనే భూస్వామి సంతతి మోరే ప్రాంతంలో భూములు పొంది, అక్కడే ఉంటూ 'మోరే వారు' అయింది. వారిలో ఒక శాఖ ఇంకా ఉత్తరాన సదర్లాండ్‌ను ఏలి సదర్లాండ్ వారైంది. ఈ పేర్లు చెప్పేది విడిచిన ఊరిని కాదు, ఏలిన నేలను. మన దగ్గర కూడా ఇనాంగా పొందిన ఊరిపేరు ఇంటిపేరైన కుటుంబాలు లేవా?

ఇక డోనల్డ్ సంగతి. రెండో మాల్కమ్ 1034లో చనిపోయాడు. మన్రోలు ఏలిన చోటు ఆ క్రోమార్టీ ఒడ్డునే ఉన్న ఫౌలిస్. దస్తావేజుల ఆధారంగా గట్టిగా చెప్పగల ఫౌలిస్ మన్రోల మొదటి పెద్ద రాబర్ట్ 1369లో చనిపోయాడు. నడుమ మూడు వందల ఏళ్లకు పైగా ఖాళీ. హైలాండ్ (ఉత్తర స్కాట్లండ్ కొండసీమ) వంశాలకు ఐర్లండ్ పూర్వీకుణ్ని చెప్పుకోవడం గౌరవం, ఆ ఖాళీని కథ నింపింది. రాజు అడిగితే నడివేసవిలో ఒక మంచుముద్ద సమర్పించాలన్న షరతుతో ఫౌలిస్ భూములు దక్కాయని కూడా చెబుతారు. వినడానికి ఎంతో అందంగా ఉంటుంది. అందాన్ని సాక్ష్యంగా తీసుకోలేం కదా.

తెల్లకోటు:
నాది చిన్న సందేహం. మెదడులో ద్రవం ఒక గది నుంచి మరో గదికి పోయే దారిని మేము 'మన్రో రంధ్రం' అని చదువుకున్నాం. ఎడిన్‌బరోలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్య పీఠంలో 1720 నుంచి 1846 వరకు తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురూ అలెగ్జాండర్ మన్రోలే. వారూ ఈ వంశమేనా?

గుత్తికోట నీడ:
ఈ వంశపు శాఖేనండీ. వర్ణక్రమంలో ఒక అచ్చు తేడా, అంతే.

దస్తావేజు గారూ, మీ ముర్రే ఉదాహరణ నా వాదానికే బలం. ఏలిన నేలే ఇంటిపేరు కావడం ఆ ప్రాంతపు రివాజు అయితే వీళ్లు 'ఫౌలిస్ వారు' కావాలి. కాలేదు. 'ఫౌలిస్ మన్రోలు' అయ్యారు. ఏలిన నేల పేరు పక్కనే ఉండగా ఇంకో పేరు ఎందుకు మోశారు? గేలిక్‌లో నేటికీ మన్రో వంశస్థుణ్ని పిలిచే మాటకు 'రో వాడు' అనే అర్థం. పైగా వారి నేలకు పాత పేరు ఫెరిన్‌డోనల్డ్, అంటే డోనల్డ్ భూమి. మూడు వందల ఏళ్ల ఖాళీ ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ పల్లెలు డోనల్డ్ అనే ఒకరిని మరచిపోలేదు.

పొటోమాక్ తెలుగు:
మీరిద్దరూ మూలం దగ్గరే ఆగిపోయారు. నన్ను ఎక్కువగా పట్టి లాగేది ఈ పేరు వ్యాపించిన తీరు. నేను ఉండేది వర్జీనియాలో. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో పుట్టింది ఇక్కడే. ఆయన పూర్వీకుడు పదిహేడో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మన్రో. ఈయన అధ్యక్షుడిగా ఉన్నది 1817 నుంచి 1825 వరకు, మీ తామస్ గవర్నరుగా ఉన్నది 1820 నుంచి 1827 వరకు. దాదాపు అయిదేళ్లపాటు ఒకే ఇంటిపేరువాళ్లు ఒకరు వాషింగ్టన్‌లో, ఒకరు మద్రాసులో పాలించారు. తామస్ తండ్రి గ్లాస్గోలో వర్జీనియాతో వ్యాపారం చేసి, అమెరికా యుద్ధం వల్ల దివాలా తీసినవాడన్నది ఇంకో ముడి.

అధ్యక్షుడి పేరు మీద లైబీరియా రాజధాని మన్రోవియా అయింది. అదీ ఒక నది సముద్రంలో కలిసే చోటే! 1891లో హ్యూ మన్రో స్కాట్లండ్‌లో మూడు వేల అడుగులు దాటిన శిఖరాల పట్టిక వేస్తే, నేడు ఆ శిఖరాలనే 'మన్రోలు' అంటున్నారు.

అయితే మన్రోలందరిదీ ఒకే రక్తమని మాత్రం అనకండి. హైలాండ్స్‌లో కౌలుదార్లు, ఆశ్రితులు తమ పెద్ద ఇంటిపేరే పెట్టుకున్నారు. వారి తాతముత్తాతలు రో నదిని చూసి ఉండరు.

పాత దస్తావేజు:
ఫౌలిస్ మాట నన్ను ఆలోచింపజేసింది. ఆ పేరు బయటి చోటుదని ఒప్పుకుంటున్నాను. డోనల్డ్‌ను మాత్రం ఒప్పుకోను. నేల పేరును బట్టి మనిషిని ఊహించడం వంశచరిత్రలు రాసేవారికి కొత్త కాదు. పదకొండో శతాబ్ది కాగితం ఒక్కటి చూపండి, వెనక్కి తగ్గుతాను.

గుత్తికోట నీడ:
కాగితం లేదు, నిజమే. వెతకడం ఆపను.

పొటోమాక్ గారి పట్టికకు మా సీమ నుంచి ఒక పేరు చేర్చాలి. తామస్ మీది అభిమానంతో దత్త మండలాల్లో మగపిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల ఇంటిపేర్లు మాత్రం వాళ్ల పాత ఊళ్లవే.