కాలేజీ హాకీ రాష్ట్ర టోర్నీ: తిరుపతిలోనా, కాకినాడలోనా?

పాకాల పీడీ:
కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా నా మాట తిరుపతికే. 16 జట్లు, జట్టుకి 18 మంది, పైన కోచ్, మేనేజర్. మొత్తం 320 మంది. ఇంతమందికి పడక, భోజనం ఒక్కచోట కుదిరే ఊరు మనదే. సత్రాలున్నాయి, హాస్టళ్లున్నాయి, రేణిగుంట జంక్షన్ పక్కనే. కాకినాడలో టర్ఫ్ (కృత్రిమ మైదానం) ఉంది, 2023లో జాతీయ సీనియర్ మహిళల టోర్నీ జరిగింది, సరే. కాలేజీ పిల్లలకి మంచి గడ్డి మైదానం చాలదా?

రేణిగుంట అంపైర్:
సార్, పడకలు లెక్కేశారు, మ్యాచ్‌లు మరిచారు. నాలుగేసి జట్లతో నాలుగు పూల్స్ అంటే 24 లీగ్ మ్యాచ్‌లు, నాకౌట్ ఇంకో 8. నాలుగు క్వార్టర్లు పదిహేను నిమిషాల చొప్పున, మధ్యలో 2, 10, 2 నిమిషాల విరామాలు. పెనాల్టీ కార్నర్‌కి (గోల్ దగ్గర తప్పు చేస్తే ఎదుటి జట్టుకిచ్చే అవకాశం) గడియారం ఆపడం, వార్మప్ కలిపితే మ్యాచ్‌కి గంటా ముప్పావు. లైట్లు లేని మైదానంలో రోజుకి ఐదుకి మించవు. మూడో రోజుకల్లా గోల్ ముందున్న ‘డీ’ గీత లోపల గడ్డి పోయి మట్టి తేలుతుంది. అక్కడ పెనాల్టీ కార్నర్ ఇంజెక్షన్ (వెనక గీత నుంచి తోసే బంతి) కొడితే బంతి దాన్ని ఆపాల్సిన స్టాపర్ స్టిక్ మీంచి ఎగిరిపోతుంది. బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ సంగతి చెప్పక్కర్లేదు.

చిత్తూరు లెఫ్ట్ఔట్:
టర్ఫ్ టర్ఫ్ అంటాండారే, నీళ్లు ఎవురు పోస్తారన్నా?

రేణిగుంట అంపైర్:
మంచి ప్రశ్నే. నీటి టర్ఫ్‌ని మ్యాచ్‌కి ముందొకసారి, హాఫ్‌టైమ్‌లో ఒకసారి తడపాలి. ఒక్కో తడుపుకి పది వేల లీటర్ల పైమాటే. ట్యాంకర్ తెచ్చి పైపుతో కొడితే ఒకవైపు తడి, ఒకవైపు పొడి. తడిలో బంతి జారుతుంది, పొడిలో పట్టేసి ఎగురుతుంది, పడినోడి మోకాలి చర్మం లేచిపోతుంది. అందుకే నిల్వ ట్యాంకు, పెద్ద పంపు, చుట్టూ వాటర్ గన్లు కావాలి. ఇసుక టర్ఫ్ అయితే ఇంత నీరు అక్కర్లేదు.

చిత్తూరు లెఫ్ట్ఔట్:
రోజుకి లక్ష లీటర్లు! మా వీధికి రెండు రోజులకోసారి కొళాయి వస్తే గొప్ప.

పాకాల పీడీ:
చూశారా. గడ్డికి ఈ తంటా ఉందా?

చంద్రగిరి:
ఇంతకీ తేదీలెప్పుడు?

రేణిగుంట అంపైర్:
అదీ అడగండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో బ్రహ్మోత్సవాలు, గది దొరకదు. నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాలు, 2021లో ఊరు మునిగింది. హాస్టళ్లు ఖాళీ అయ్యేది సంక్రాంతికి. 2025లో వైకుంఠ ఏకాదశి జనవరి 10న పడింది. పది రోజుల ద్వార దర్శనం సెలవులన్నిటినీ మింగేసింది. పీడీ సార్ చెప్పిన సత్రాలు ఆ పది రోజుల్లో భక్తులకే చాలవు.

అలిపిరి:
అమెరికా కాలేజీ పురుషుల ఐస్ హాకీలో ఈ పంచాయితీ లేదు. 16 జట్లు, నాలుగేసి చొప్పున నాలుగు రీజినల్స్ (ప్రాంతీయ పోటీలు), చివరి నాలుగూ ఒక పెద్ద ఊరికి. 2025లో సెయింట్ లూయిస్, 2026కి లాస్ వేగస్. ఏళ్ల ముందే బిడ్లు పిలిచి ఊరు ఖాయం చేస్తారు.

పాకాల పీడీ:
లేదని ఎవరన్నారు? రీజినల్ నిర్వహించే కాలేజీ అర్హత సాధిస్తే అక్కడే ఆడుతుంది. ఇదేం న్యాయమని గొడవ. క్యాంపస్‌లకి దూరంగా పెడితే సగం సీట్లు ఖాళీ అని ఇంకో గొడవ.

రేణిగుంట అంపైర్:
సార్, తప్పుగా అనుకోవద్దు. మీకు కావాల్సింది సత్రాలు కాదు, గడ్డి. టర్ఫ్ మీద మీ జట్టు నిలబడదని భయం.

పాకాల పీడీ:
భయమే! దాచేదేముంది? మా పిల్లలు టర్ఫ్ తొక్కేది టోర్నీ రోజునే. అకాడమీలో రోజూ దాని మీద ఆడినోళ్లు మూడు నాలుగు కాలేజీల్లో ఉంటారు. ఆ బంతి వేగానికి మావాళ్లు బంతిని స్టిక్‌తో ఆపేలోపు గోల్ పడుతుంది. ఎనిమిది సున్నాతో ఓడి వచ్చినోడికి మళ్లీ ఏడాది కాలేజీ కిట్ కొనిస్తుందా? టోర్నీ ఎవరికోసం పెడుతున్నామో ముందు తేల్చండి.

రేణిగుంట అంపైర్:
యూనివర్సిటీ జట్టు ఎంపికయ్యేది ఈ టోర్నీ చూసే. ఆ జట్టు సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీల్లో టర్ఫ్ మీదే ఆడాలి. గడ్డి మీద మెరిసిన కుర్రాణ్ణి తీసుకెళ్లి అక్కడ బలిపెడతామా? భారత జట్టుకి గోల్ కాచిన రజనిది మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లే కదా. స్లైడ్ చెయ్యడం గడ్డి మీద ఏ గోల్‌కీపర్‌కైనా వస్తుందా?

చంద్రగిరి:
ముందే ప్రాక్టీస్ ఇస్తే ఇద్దరికీ కుదురుతుందేమో.

రేణిగుంట అంపైర్:
నేను సరే. చెరో సగంలో రెండు జట్లు, గంట చొప్పున. ఎనిమిది గంటల్లో 16 జట్లూ అయిపోతాయి. ఒక రోజు ముందు రమ్మంటే చాలు.

పాకాల పీడీ:
ఒక గంటలో ఏం అలవాటవుతుంది? మూడు రోజులివ్వండి, టర్ఫ్ షూస్ నిర్వాహకులే ఇవ్వాలి. అప్పుడు కాకినాడకి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం.

చిత్తూరు లెఫ్ట్ఔట్:
మూడు రోజులకి 320 మంది భోజనం ఎవురి ఖాతాలో సార్?