నల్లరేగడిలో ప్రహరీ బీటలు: గోడ బాగు చేయించాలా, కడీలు పాతి జాలీ వేయించాలా?

పల్నాడు మిర్చి
నరసరావుపేట దగ్గర పల్లెటూరు మాది. ప్రహరీకి ఎండాకాలంలో వేలు దూరేంత బీటలు, వానలు పడ్డాక అవే మూసుకుంటాయి. ఏటా మేస్త్రీ వచ్చి సిమెంటు పూసి డబ్బులు పట్టుకెళ్తాడు. పడమటి గోడ రోడ్డు వైపు ఒరిగింది కూడా. పడగొట్టి కడీలు, జాలీ వేయిస్తే నయమా? గేటు జారి నేలకి రాసుకుంటోంది. పక్కింటాయన తన వైపు గోడకి సగం ఖర్చు ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

సైట్ ఇంజనీర్
పూతలు దండగ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రోగం పునాదిలో ఉంటే మందు గోడకి రాస్తున్నారు. ఒరిగిన ముక్క పడగొట్టాల్సిందే. మళ్ళీ కట్టేటప్పుడు పిల్లర్లకి అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దించి, అడుగున గుండ్రంగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు) వేయించండి, రూర్కీ సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) ఇలాంటి నేలల కోసమే రూపొందించిన పద్ధతి. వాటి మీద ప్లింత్ బీమ్, అంటే గోడని మోసే కాంక్రీటు దూలం. బీమ్ మట్టి మీద ఆనకూడదు, మట్టి ఉబ్బడానికి కింద ఖాళీ వదలాలి. నేను సివిల్ ఇంజనీర్‌ని, ఊరికే చెప్పట్లేదు.

ఖమ్మం కుర్రోడు
ప్రహరీకి పైల్సా అన్నా! మా ఇంటికే లేవు. కడీలు వేయించుకో పల్నాడన్నా. ఏడడుగుల రాతి కడీ, రెండడుగులు లోపలికి, పదేసి అడుగులకి ఒకటి. నేల కదిలి కడీ వాలినా మళ్ళీ నిలబెట్టుకోవచ్చు, గోడని నిలబెట్టలేవు. మూల కడీలకి ఏటవాలుగా దన్ను కడీ మర్చిపోకు, లేదంటే జాలీ బిగించగానే మూల లోపలికి వంగుతుంది. జాలీ 12 గేజ్ తీసుకో, గట్టిది. షాపువాడు 10 అంటగట్టాలని చూస్తాడు.

ఉప్పాడ తీరం
12 గట్టిదని ఎవరు చెప్పారండీ? గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.

ఖమ్మం కుర్రోడు
మా మామది హార్డ్‌వేర్ షాపు. 12కే రేటు ఎక్కువ. సన్నదానికి ఎక్కువ ఇస్తారా ఎవరైనా?

సైట్ ఇంజనీర్
ఇస్తారు. కిలో లెక్కన అమ్మితే తీగని ఇంకా సన్నగా లాగిన కూలి కూడా అందులో కలుస్తుంది. 8 గేజ్ 4.06 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.25, 12 గేజ్ 2.64. మీ మామని స్కేలు పట్టుకుని కొలవమనండి.

ఖమ్మం కుర్రోడు
మా మామ జోలికి రాకండి సార్. మీరు పుస్తకంలో చదివారు, ఆయన రోజూ అమ్ముతాడు.

ఉప్పాడ తీరం
అమ్మేవాళ్ళ సంగతి నాకు తెలుసులెండి. పచ్చ ప్లాస్టిక్ తొడుగున్న జాలీకి తొడుగుతో కలిపి మందం చెప్పి నాకు అంటగట్టారు. ఒక కొస గీకి చూస్తే లోపల తీగ దారంలా ఉంది. గేజ్ అడగొద్దు, లోపలి తీగ ఎన్ని మిల్లీమీటర్లో బిల్లు మీద రాయించుకోండి. దానికన్నా ముఖ్యం జింకు పూత, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో అడగండి. కరిగిన జింకులో ముంచి తీసినది నిలుస్తుంది. కరెంటుతో పల్చగా పట్టించిన పూత మా సముద్రగాలికి ఆగదు, చూస్తుండగానే ఎర్రబడుతుంది.

ఖమ్మం కుర్రోడు
పల్నాడులో సముద్రం ఎక్కడుందండీ? ఆయన అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి?

డాలస్ బాబాయ్
మా డాలస్‌లోనూ ఇదే నల్లమట్టి, ఇవే బీటలు. ఇక్కడ సీడర్ చెక్కల ఫెన్స్ వేస్తారు. చెక్క గుంజలైతే నేల తగిలే చోట కుళ్ళిపోతాయి, అందుకే నేను జింకు పూసిన ఇనప గుంజలు వేయించాను. ఇనప పైపు పాతేవాళ్ళకి ఒక మాట: కాంక్రీటు నేలకన్నా కాస్త పైకి పోసి, చుట్టూ వాలు ఇవ్వండి. అక్కడ నీళ్ళు నిలిస్తే పైపు సరిగ్గా ఆ గీత దగ్గరే తుప్పు తింటుంది. మిగతాదంతా కొత్తగా ఉండగా అక్కడ విరిగిపోతుంది.

ఖమ్మం కుర్రోడు
బాబాయ్, ఇక్కడ చెక్క వేస్తే చెదలు పట్టి చస్తుంది.

డాలస్ బాబాయ్
చెక్క వేయమన్నానా? చదివి మాట్లాడు నాయనా.

గుంటూరు అమ్ములు
గోడైనా జాలీ అయినా కోతులకి లెక్క లేదు. మా వీధిలో ఒకాయన గోడ మీద తీగ లాగి ఇంటి కరెంటు ఇచ్చాడు. అప్పటినుంచి ఒక్క కోతి రాలేదు.

సైట్ ఇంజనీర్
అమ్మా, ఇలాంటివి ఇక్కడ రాయకండి. అది నేరం. పిల్లాడు చెయ్యి వేస్తే ప్రాణం పోతుంది. పొలాల్లో పందుల కోసం పెట్టిన తీగలకి తగిలి సొంత మనుషులే పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. సోలార్ ఫెన్సింగ్ వేరు, అందులో యంత్రం క్షణకాలం షాక్ కొట్టి వదిలేస్తుంది. ముందు ఆయనకి చెప్పి ఆ తీగ తీయించండి.

గుంటూరు అమ్ములు
నేను పెట్టానా? జరిగింది చెప్పాను, అంతే. కోపం దేనికి?

తెనాలి వాస్తు
పడమర గోడ ఎత్తు తగ్గించి జాలీ పెడతారా? పడమర, దక్షిణం బరువుగా ఉండాలి.

ఉప్పాడ తీరం
బరువుగా ఉందనేనేమో, రోడ్డు మీదకి ఒరిగింది.

మాజీ వీఆర్వో
అందరూ తీగ మందం కొలుస్తున్నారు, హద్దు ఎవరూ కొలవలేదు. పాత గోడ సరిగ్గా హద్దు మీదే ఉందని నమ్మకం ఏమిటి? పడగొట్టక ముందే మీసేవలో ఎఫ్ లైన్ (హద్దు కొలత) దరఖాస్తు పెట్టి సర్వేయర్‌తో కొలిపించండి. గోడ పోయాక గుర్తులు కూడా పోతాయి. ఇక సగం ఖర్చు. డబ్బు తీసుకుంటే అది ఉమ్మడి గోడ, రేపు ఆయన దాని మీద రేకులు దించినా కాదనలేరు. తీసుకుంటే కాగితం రాసుకోండి, లేదా మీ హద్దులోనే మీ డబ్బుతో కట్టుకోండి. నా సర్వీసంతా ఈ పంచాయితీలే.

పల్నాడు మిర్చి
సర్వేయర్ దాకా వెళ్తే ఆయనకి కోపం వస్తుందేమోనండి. మా నాన్న స్నేహితుడు.

మాజీ వీఆర్వో
స్నేహితుడే కదా, ఆయన్ని కూడా పక్కన నిలబెట్టి కొలిపించండి. ఫీజు మీరే కట్టండి.

ఖమ్మం కుర్రోడు
మామని అడిగా. షాపులో 12 జాలీకి కన్నం చిన్నదట, అందుకే అడుగు రేటు ఎక్కువట. తీగ సన్నమేనట. అయినా కుక్కపిల్లలు దూరకుండా చిన్న కన్నమే మేలు, నేను చెప్పింది తప్పేం కాదు.

సైట్ ఇంజనీర్
గట్టిదన్నావు కదా?

ఖమ్మం కుర్రోడు
కుక్కపిల్లకి గట్టిదే సార్.