చదును పలకపై మలిచిన గచ్చు లతలు హైట్ మ్యాప్‌లో మెట్లుమెట్లుగా వస్తున్నాయి

సున్నపుగార (ప్రశ్న)

నమస్కారం. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని పైగా వంశీయుల సమాధుల గోడలపై ఉన్న గచ్చు (సున్నపు గార) పనిని ఆధారంగా తీసుకొని, ఒక వర్చువల్ సందర్శన కోసం పక్కపక్కన పేర్చుకోగల గోడ పలకను తయారు చేస్తున్నాను. పలక భుజం 60 సెంటీమీటర్లు, అత్యధిక ఉబ్బు 6 సెంటీమీటర్లు. త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో ఒక ప్లేన్‌ను (చదును తలాన్ని) మల్టీరిజల్యూషన్ మాడిఫయర్‌తో సన్నని ముక్కలుగా విభజించి లతలను, రేకులను మలిచాను. మలిచిన రూపంలో రేకుల వంపు నునుపుగానే ఉన్నప్పటికీ, దానిని హైట్ మ్యాప్‌గా (ఎత్తును బూడిద రంగు ఛాయల్లో చూపే చిత్రంగా) పీఎన్‌జీలో భద్రపరచి వేరొక చదును పలకకు డిస్‌ప్లేస్‌మెంట్‌గా (ఆ ఎత్తుల ప్రకారం ఉపరితలాన్ని లేపేలా) ఇచ్చినప్పుడు ఆ వంపంతా మెట్లుగా విరిగిపోతోంది. విభజన స్థాయిని పెంచితే మెట్లు తగ్గకపోగా మరింత స్పష్టమవుతున్నాయి. పలకల మధ్య అతుకు కూడా తెలుస్తోంది, రేకుల నిలువు అంచుల మీద టెక్స్చర్ సాగిపోతోంది. ఈ మూడింటికీ కారణం ఒకటేనా?

ఎత్తుపల్లం

కారణాలు వేరు. ముందు మెట్ల సంగతి చూద్దాం.

మీ ఫైలు 8-బిట్‌లో ఉందని లక్షణాలనుబట్టి అర్థమవుతోంది. 8-బిట్ చిత్రంలో బూడిద రంగుకు 256 స్థాయిలే ఉంటాయి కనుక, 6 సెంటీమీటర్ల ఎత్తును వాటికి పంచితే ఒక్కొక్క మెట్టు దాదాపు 0.24 మిల్లీమీటర్లు అవుతుంది. నిటారుగా లేచే చోట ఇది కంటికి ఆనదు. కానీ పది సెంటీమీటర్ల వెడల్పున మూడు మిల్లీమీటర్లు మాత్రమే లేచే మెత్తని రేకుకు దక్కేవి పదమూడు స్థాయిలే కాబట్టి, మీరు అత్యంత శ్రద్ధతో మలిచిన భాగమే అన్నిటికన్నా ఎక్కువగా చెడిపోతుంది. విభజన పెంచడమంటే ఆ మెట్లను మరింత నమ్మకంగా పునర్నిర్మించడమే. 16-బిట్‌లో 65,536 స్థాయిలు ఉంటాయి, మెట్టు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు లోపే ఉంటుంది. అయితే ఇప్పుడున్న ఫైలును తెరిచి 16-బిట్‌గా మార్చి భద్రపరిస్తే ఏమీ ఒరగదు, పోయిన స్థాయిలు తిరిగి రావు. బ్లర్ చేస్తే మెట్లతో పాటు ఉలి గీతల్లాంటి సన్నని వివరాలూ పోతాయి. మలిచిన రూపం నుంచే మళ్లీ బేక్ చేయండి, అంటే ఎత్తులను కొత్తగా చిత్రంలోకి రాబట్టండి.

బేక్ చేయడానికి నేను వాడే పద్ధతి ఇది: బిందువు జెడ్ విలువను (ఎత్తును) మ్యాప్ రేంజ్ నోడ్ ద్వారా సున్నా నుంచి ఒకటి మధ్యకు మార్చి, ఎమిషన్‌కు (దీపాలతో పనిలేని స్వయంకాంతికి) ఇచ్చి, పైనుంచి ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో (దూరాన్నిబట్టి పరిమాణం మారని కెమెరాతో) రెండర్ చేసి, 32-బిట్ ఓపెన్ ఈఎక్స్ఆర్‌లో భద్రపరుస్తాను. పీఎన్‌జీయే కావాలనుకుంటే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను (రెండర్‌కు చివర్లో జరిగే రంగు సవరణను) తప్పనిసరిగా ‘రా’కు మార్చండి, లేకపోతే ఫిల్మిక్, ఏజీఎక్స్ వంటివి ఎత్తులను వంచేస్తాయి. తిరిగి వాడేటప్పుడు ఆ చిత్రాన్ని నాన్-కలర్‌గా (రంగు కాదు, అంకెలుగా చదివేలా) పెట్టండి.

ఇక నిలువు అంచులు. హైట్ మ్యాప్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఒకే ఎత్తు ఉంటుంది, కనుక రేకు కింద తొలిచిన బోలును అది చూపలేదు, నిట్టనిలువు గోడకు పిక్సెళ్లనే ఇవ్వదు. 60 సెంటీమీటర్లకు 2048 పిక్సెళ్లు కేటాయిస్తే, 4 సెంటీమీటర్ల గోడను 70 డిగ్రీల వాలుగా మలిచినప్పుడు దానికి సుమారు 50 పిక్సెళ్లు దక్కుతాయి. సాగుదల అప్పటికీ కొంత ఉంటుంది కానీ భరించగలిగే స్థాయిలో ఉంటుంది. పైగా వంశీయుల సమాధుల్లోని జాలీలను (రంధ్రాల తెరలను) మాత్రం దీనితో ప్రయత్నించకండి; రంధ్రాలకు నిజమైన జ్యామితి గానీ పారదర్శకత మాస్క్ గానీ కావాలి.

మలిచేటప్పుడు సిమెట్రీ విభాగంలో ఎక్స్, వై అక్షాలను లాక్ చేయండి. అప్పుడు గ్రాబ్, ఇన్‌ఫ్లేట్ బ్రష్‌లు బిందువులను పక్కకు నెట్టకుండా ఎత్తును మాత్రమే మారుస్తాయి. ఇది చాలామంది వదిలేసే చిన్న అమరిక.

రౌటర్_బాలానగర్

మేము ఇదే రకపు మ్యాపులతో రౌటర్ యంత్రంపై పూజగది తలుపులు చెక్కుతాము. చిత్రంలో మిల్లీమీటర్లు ఉండవు, తెలుపు నలుపుల మధ్య ఎంత లోతు ఉందో ఫైలు పేరులోనే రాసి పంపండి. యంత్రానికి గుండ్రని మొన ఉంటుంది, 3 మిల్లీమీటర్ల మొన అంతకన్నా సన్నని సందులోకి దిగదు. తెర మీద ఎంత సన్నగా కనిపించినా, ఆ సందు టేకు మీద పూడుకుపోతుంది.

సున్నపుగార

కృతజ్ఞతలండి. ఈఎక్స్ఆర్‌తో మెట్లు పూర్తిగా పోయాయి. అతుకు మాత్రం మిగిలింది. సిమెట్రీలోని టైలింగ్‌ను (ఒక అంచున చేసిన మార్పును ఎదుటి అంచునా చేసే సదుపాయాన్ని) ఆన్ చేసే మలిచాను, ఎత్తులు రెండు అంచుల వద్దా సమానంగానే ఉన్నాయి.

ఎత్తుపల్లం

ఎత్తు కలిసినా వాలు కలవకపోతే వెలుతురు ఆ అతుకును పట్టిస్తుంది. స్మూత్ బ్రష్‌కు అంచు అవతల ఏముందో తెలియదు, అక్కడ అది వేరుగా పనిచేస్తుంది. ప్లేన్‌ను పలక కన్నా నాలుగు వైపులా కొంత పెద్దదిగా తీసుకోండి, స్కేల్‌ను అప్లై చేశాక టైల్ ఆఫ్‌సెట్‌ను (పునరావృత దూరాన్ని) 0.6 మీటర్లకు పెట్టండి, కెమెరాతో నడిమి 60 సెంటీమీటర్లనే కత్తిరించండి. నిజమైన అంచు అప్పుడు చిత్రం వెలుపల ఉంటుంది. జీబ్రష్ అనే మరో మలిచే సాఫ్ట్‌వేర్ వాడేవారికి బ్రష్ ప్యాలెట్‌లోని ర్యాప్ మోడ్‌తో ఈ తిప్పలు కొంత తగ్గుతాయి. తుది ఫైలును రెండు దిశల్లోనూ సగం జరిపి, పక్కనుంచి పడే వెలుతురులో ఒకసారి చూసుకోండి.