కీమో నడుస్తుండగా పసుపు మాత్రలు వేయొచ్చా?

మధు_తెనాలి: నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. రెండు వారాలకోసారి ఫోల్‌ఫిరి కీమో ఎక్కిస్తున్నారు. బాబాయి పసుపు మాత్రల డబ్బా తెచ్చి రోజుకు రెండు వేయమంటున్నాడు. డాక్టర్‌కి చెబితే తిడతారని అమ్మ భయం. ఏం చేయమంటారు?

పెరటిమొక్క: వేయండి. వంశపారంపర్యంగా పేగు నిండా పాలిప్స్, అంటే చిన్న చిన్న కండ బుడిపెలు, వచ్చే జబ్బొకటుంది. 2006లో అమెరికాలో అలాంటి ఐదుగురికి పసుపులోని కర్‌క్యుమిన్, ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ కలిపి ఇస్తే ఆరు నెలల్లో పాలిప్స్ సగటున 60 శాతం తగ్గాయి. పెరటి చెట్టు కదా, మనకే లోకువ.

రాత్రిడ్యూటీ: కథ సగంలో ఆపేశారండీ. 2018లో అదే జబ్బున్న 44 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 3 గ్రాముల కర్‌క్యుమిన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి ఏడాది చూశారు. తేడా ఏమీ లేదు.

పెరటిమొక్క: అందులో క్వెర్సెటిన్ లేదుగా!

రాత్రిడ్యూటీ: లేదు, నిజమే. మధు గారి డబ్బాలో ఉందా మరి? నా టెన్షన్ వేరే. కర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి చాలా మాత్రల్లో మిరియాల సారం కలుపుతారు. కాలేయం మందుల్ని విరిచి బయటికి పంపే పనికి అది అడ్డుపడుతుంది. ఫోల్‌ఫిరిలోని ఇరినోటెకాన్ అనే మందుని వదిలించేది ఆ కాలేయమే. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, తెల్లకణాలు పడిపోతాయి. తగ్గినా కష్టమే. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక వాడినవాళ్లలో ఇరినోటెకాన్ అసలు పనిచేసే రూపం 42 శాతం పడిపోయిందని 2002లోనే తేలింది.

పెరటిమొక్క: ఆ ఇరినోటెకాన్ మాత్రం ఎక్కడిది? చైనా చెట్టుదే!

రాత్రిడ్యూటీ: ఔను. 1966లో మన్రో వాల్, మన్సుఖ్ వాణి అనే శాస్త్రవేత్తలు ఆ చెట్టులోంచి క్యాంప్టోథెసిన్ అనే పదార్థం తీశారు. దాన్ని ఎక్కిస్తే రోగులకి మూత్రంలో రక్తం పడింది, ఆపేశారు. మార్పులు చేసి ఇరినోటెకాన్‌గా అమెరికాలో అనుమతి తెచ్చుకునేసరికి 1996. ముప్పై ఏళ్లు! బాబాయి గారి డబ్బాకి ఆ పరీక్ష ఎవరు పెట్టారు?

సీతపిన్ని: మరీ తీసిపారేయకండి బాబూ. మానుపసుపులో ఉండే బెర్బెరిన్‌ని చైనాలో పాలిప్స్ తీయించుకున్నవాళ్లకి ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 36 శాతం మందికి మళ్లీ వస్తే, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 47 శాతం మందికి వచ్చాయి. అయితే వాళ్లకి క్యాన్సర్ లేదు, కీమో లేదు. మీ నాన్నగారి సంగతి వేరు, మధూ.

మధు_తెనాలి: డబ్బా చూశాను. అడుగున చిన్నక్షరాల్లో మిరియాల సారం అని ఉంది. సోమవారం డాక్టర్‌కి చూపిస్తాను. అప్పటిదాకా బీరువాలో. బాబాయికి ఇంకా చెప్పలేదు.

పెరటిమొక్క: సరే, పప్పులో పసుపైనా వేయనిస్తారా?

రాత్రిడ్యూటీ: అది ఎవరు వద్దన్నారండీ!